ఇంట్లో నూలుకి రంగు వేయడం: తిరుపతి నీళ్ళతో, కరక్కాయతో

తిరుపతిలో ఏ ఫ్యాన్సీ షాపుకి వెళ్ళి "ఊలు కావాలి" అని అడిగినా, చాలాసార్లు చేతిలో పెట్టేది అక్రిలిక్ దారం. మెత్తగా ఉంటుంది, చౌక, క్రోషేకి బాగానే పనికొస్తుంది. కానీ ఇంట్లో రంగు వేద్దామంటే మాత్రం దానితో లాభం లేదు. ఎంత ఉడికించినా, ఎంత వెనిగర్ పోసినా రంగంతా నీళ్ళలోనే ఉండిపోతుంది, దారం తెల్లగానే బయటికి వస్తుంది. అప్పుడు చాలామంది రంగు పొడిని తిట్టుకుంటారు. నిజానికి ఈ పనిలో రంగు వంతు ఆఖర్న వస్తుంది. నూలు ఏమిటి, నీళ్ళు ఎలాంటివి, ముందు ఎలా ఉడికించి కడిగారు అన్నవే సగానికి పైగా ఫలితాన్ని తేల్చేస్తాయి. అందుకే ఇక్కడ రంగుల కంటే ముందు వాటి గురించే ఎక్కువ చెప్తాను.

ఏ దారమో తేల్చుకోవడం

లేబుల్ లేని దారమైతే కాల్చి చూడటమే దారి. రెండు అంగుళాల ముక్కని పట్టుకారుతో పట్టుకుని, ఆరుబయట, కింద నీళ్ళ పళ్ళెం పెట్టుకుని కాల్చండి. నూలైతే కాగితంలా గబుక్కున మండి, ముట్టుకుంటే రాలిపోయే బూడిద మిగులుతుంది. అసలు ఊలు, పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, చివర్న ఉండే నల్లటి పూస వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి ముద్దై, చల్లారాక గట్టి పూసలా మిగిలిపోతుంది. దాని పొగ మంచిది కాదు, మొహం దూరంగా పెట్టుకోండి.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, నూలుది ఒక దారి, ఊలు పట్టులది ఇంకో దారి. మొదటిది మొక్కల నుంచి వచ్చింది, రెండోది జంతువుల నుంచి. నూలుకి రియాక్టివ్ రంగులూ (నూలు పోగుతోనే కలిసిపోయేవి) సోడా కావాలి, ఊలుకి ఆసిడ్ రంగులూ (పుల్లటి నీళ్ళలో పట్టేవి) వెనిగర్ కావాలి. ఒకదాని పద్ధతి ఇంకోదానికి వాడితే రంగు పట్టకపోవడమే కాదు, ఘాటు సోడా నీళ్ళలో ఉడికిన ఊలు పాడైపోతుంది కూడా.

మన వైపు నూలు దొరకడం కష్టం కాదు. వెంకటగిరి, నారాయణవనం, పుత్తూరు, నగరి అన్నీ మగ్గాలు నడిచే ఊళ్ళే. లడుల రూపంలో నూలు ఎక్కడ దొరుకుతుందో నేత పనివాళ్ళని అడిగితే చెప్తారు. మగ్గం నూలు అల్లికకి మరీ సన్నం. నాలుగైదు పోగులు కలిపి వాడాలి, లేదా క్రోషే కోసమే పేనిన మందం నూలు కొనాలి. రంగు వేయని కోరా నూలు అడగండి. మెర్సరైజ్డ్ అని రాసి ఉంటే ఇంకా మంచిది, అదే రంగు దాని మీద ఇంకొంచెం చిక్కగా, మెరుపుతో కనిపిస్తుంది. మాక్రమే తాళ్ళకి కూడా ఇదే పద్ధతి, కాకపోతే తాడు మందంగా ఉంటుంది కాబట్టి రాత్రంతా నానబెట్టాలి. లేకపోతే ముడి విప్పినప్పుడు లోపల తెల్లగా కనిపిస్తుంది.

నీళ్ళ సంగతి

బోరు నీళ్ళతో పప్పు ఉడకదని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అదే నీళ్ళతో రంగు కూడా సరిగ్గా రాదు. నీళ్ళలో సున్నం ఎక్కువుంటే సబ్బు నురగ రాదు, రంగు మచ్చలుగా పడుతుంది. ఇనుము ఉంటే మరీ ఇబ్బంది, పసుపు రంగు వేస్తే మట్టి రంగు వస్తుంది.

ఇనుము ఉందో లేదో చూడటానికి లాబ్ అక్కర్లేదు. చెంచాడు కరక్కాయ పొడిని గ్లాసుడు వేడినీళ్ళలో కలిపి, గంట ఆగి వడగట్టండి. ఈ పొడి కలిపే నీళ్ళు తాగడానికి కొనే క్యాన్‌వే కావాలి, బోరువి కాదు. లేత తేనె రంగులో కషాయం వస్తుంది. ఇప్పుడు ఒక గాజు గ్లాసులో మీ బోరు నీళ్ళు, ఇంకో దాంట్లో క్యాన్ నీళ్ళు పోసి, రెంటిలోనూ రెండేసి చెంచాల కషాయం వేసి, తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి. బోరు నీళ్ళ గ్లాసు బూడిద రంగుకో, నీలి నలుపుకో తిరిగితే అందులో ఇనుము ఉన్నట్టే. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది, దానికి ఇనుము తగిలితే నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు నలుపు రంగు తెప్పించేది సరిగ్గా ఈ సూత్రంతోనే. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టి కసిమి అనే ద్రవం తయారుచేస్తారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద కలం ఆనించగానే గీత నల్లబడుతుంది. వాళ్ళకి కావాలని తెచ్చుకునే నలుపు, మనకి బోరు పుణ్యమా అని అడక్కుండానే వచ్చేస్తుంది, అంతే తేడా.

పరీక్షలో నీళ్ళు నల్లబడితే, రంగు గిన్నెకీ పటిక గిన్నెకీ ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళు వాడుకోండి. జాడించడానికి మామూలు నీళ్ళు చాలు, ఆఖరి జాడింపు మాత్రం మంచి నీళ్ళతో చేయండి. మిద్దె మీద పడే వాన నీళ్ళు పట్టుకోగలిగితే అంతకంటే మంచివి లేవు. మనకి వానలు ఎక్కువగా పడే అక్టోబరు, నవంబరు నెలల్లో మొదటి వాన వదిలేసి, రెండో వాన నుంచి డ్రమ్ములో పట్టుకోవచ్చు. ఆ నెలల్లో లడులు ఆరడం మాత్రం కష్టం, అది వేరే తలనొప్పి.

సామాన్లు

వంటకి వాడే గిన్నెలు వాడొద్దు. ఇది మాట వరసకి చెప్పేది కాదు, పటిక, అన్నభేది (ఇనుము ఉండే ఒక లవణం), రంగు పొడులు తగిలిన గిన్నె మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. అయిదారు లీటర్లు పట్టే స్టీలు దబరా ఒకటి పాతసామాన్ల అంగడిలో కొనుక్కోండి. అల్యూమినియం, ఇనుము, రాగి వద్దు, అవి రంగుని మార్చేస్తాయి. రెండు ప్లాస్టిక్ బకెట్లు, చేతికి గ్లవ్స్, మూతికి మాస్క్, ఒక పొడవాటి కర్ర, గ్రాముల లెక్క చూపించే చిన్న తూకం. తూకం లేకుండా ఈ పనిలో దిగొద్దని గట్టిగా చెప్తాను. చెంచాల లెక్కతో ఒకసారి అందమైన రంగు రావచ్చు, కానీ రెండో లడికి అదే రంగు మళ్ళీ రాదు. శాలువా సగంలో ఉండగా దారం అయిపోతే అప్పుడు తెలుస్తుంది ఆ బాధ.

మందులన్నీ మూలికల అంగడిలోనో, పూజా సామాన్ల అంగడిలోనో దొరుకుతాయి: కరక్కాయ, పటిక, మంజిష్ఠ, కొంచెం అన్నభేది. సోడా యాష్ రంగుల అంగడిలో దొరుకుతుంది. వంట సోడా, సోడా యాష్ ఒకటి కావు. వంట సోడాలో అంత ఘాటు లేదు, దానితో రియాక్టివ్ రంగు చల్లటి నీళ్ళలో పట్టదు. గాజు పలుకుల్లా ఉండే బట్టల సోడా దొరికితే, దాంట్లో సగానికి పైగా నీళ్ళే ఉంటాయి కాబట్టి, ఇక్కడ రాసిన తూకానికి రెండున్నర రెట్లకి పైగానే వేసుకోవాలి. మైలుతుత్తం (రాగి ఉండే లవణం) వేస్తే ఆకుపచ్చ బాగా వస్తుందని ఎవరైనా చెప్తే వినకండి. అది చర్మానికీ, మురుగు చేరే చెరువులో చేపలకీ కూడా విషమే.

ఇక్కడ ఇంకో మాట. శేషాచలం కొండల పక్కనే ఉన్నాం కదా, ఎర్రచందనంతో ఎరుపు రాదా అని కొందరు అడుగుతారు. ఆ చెక్క పర్మిట్ లేకుండా దగ్గర పెట్టుకోవడమే కేసు. పైగా దానిలోని రంగు నీళ్ళలో కరగదు, స్పిరిట్‌లోనే కరుగుతుంది. ఎరుపు కావాలంటే మంజిష్ఠ ఉంది.

లడి కట్టడం

బంతిలా ఉండ చుట్టిన దారానికి రంగు వేస్తే లోపలి పొరలకి అందదు. రెండు కుర్చీల వీపులు ఎదురెదురుగా ఉండేలా కొంచెం ఎడంగా పెట్టి, వాటి చుట్టూ దారం వదులుగా చుట్టుకుంటూ పోండి. వంద గ్రాములకి ఒక లడి చొప్పున చుట్టుకుంటే లెక్కలన్నీ తేలిక. మొదలు, చివర కలిపి ముడి వేయండి.

ఇప్పుడు లడిని నాలుగుచోట్ల కట్టాలి, అసలు నేర్పంతా ఇక్కడే. విడి దారం ముక్కని లడి మధ్యలోంచి దూర్చి, సగం పోగుల మీదుగా తెచ్చి, మళ్ళీ మధ్యలోంచి రెండో వైపు సగం చుట్టూ తిప్పి కట్టండి. అంటే ముడి 8 అంకెలా పడుతుంది. పోగులు రెండు గుంపులుగా విడిపోయి ఒకదానితో ఒకటి చిక్కుపడవు. ముడిలో మీ చూపుడు వేలు సులువుగా దూరాలి. బిగించి కడితే ఆ చోట రంగు పట్టదు, నాలుగు తెల్ల గీతలు మిగులుతాయి. కావాలని అలా చేసేవాళ్ళూ ఉన్నారు, చిటికి అద్దకం పుట్టిందే ఆ తెలివితో. కానీ మొదటిసారి వదులుగానే కట్టండి.

ఉడికించి కడగడం

అందరూ ఎగ్గొట్టేది ఈ మెట్టే. కోరా నూలు పైకి శుభ్రంగా కనిపిస్తుంది, కానీ పోగు మీద మైనంలాంటి జిడ్డు ఉంటుంది. లడిని నీళ్ళలో వేసి చూడండి, తేలుతుంది. తేలే నూలుకి రంగు పట్టదు.

వంద గ్రాముల నూలుకి మూడు గ్రాముల సోడా యాష్, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు, లడి మునిగేంత నీళ్ళు. సన్న సెగ మీద గంటసేపు ఉడకనివ్వండి. నీళ్ళు టీ రంగుకి తిరుగుతాయి. అది చూశాక ఈ మెట్టు వదిలేయాలని మళ్ళీ అనిపించదు. చల్లారాక రెండు మూడు సార్లు జాడించి, పిండి, ఒక మూల ఆరనిచ్చి దాని మీద ఒక్క నీటి చుక్క వేయండి. చుక్క వెంటనే ఇంకిపోతే నూలు సిద్ధం. పూసలా నిలబడితే మళ్ళీ ఉడికించాల్సిందే.

ఊలుకి, పట్టుకి సోడా వద్దు. గోరువెచ్చని నీళ్ళలో కొంచెం షాంపూ వేసి అరగంట నానబెట్టి జాడిస్తే చాలు.

కరక్కాయ, పటిక

మొక్కల రంగులు నూలుకి నేరుగా అంటుకుని నిలవవు. మధ్యలో పట్టుకునేది ఒకటి కావాలి. పటికలోని అల్యూమినియం ఆ పని చేస్తుంది, కానీ పటిక కూడా నూలు మీద సొంతంగా నిలవదు, దానికి టానిన్ కావాలి. అందుకే ముందు కరక్కాయ, తర్వాత పటిక. కాళహస్తిలో తరతరాలుగా ఇదే వరస. అక్కడ కరక్కాయ రసంలో పాలు కూడా కలుపుతారు, పాలలోని కొవ్వు వల్ల కలంతో గీసిన రంగు పక్కకి పాకకుండా ఉంటుంది. మనం గీతలు గీయడం లేదు, లడి మొత్తం ముంచుతున్నాం, కాబట్టి పాలు అక్కర్లేదు. పాలు పోస్తే ఆరాక వచ్చే వాసన భరించడం కూడా కష్టం.

వంద గ్రాముల నూలుకి ఇరవై గ్రాముల కరక్కాయ పొడి. గింజ తీసేసిన పెచ్చుల పొడే వాడాలి. పొడిని పల్చటి గుడ్డలో మూట కట్టి, రెండు మూడు లీటర్ల వేడినీళ్ళలో వేసి పిసకండి. తడి లడిని అందులో ముంచి రాత్రంతా వదిలేయండి. పొద్దున తీసి పిండండి. జాడించాల్సిన పని లేదు. నూలు లేత వెన్న రంగులో ఉంటుంది.

పటికకి వేరే నీళ్ళు. పదిహేను గ్రాముల పటిక పొడి చేసి వేడినీళ్ళలో పూర్తిగా కరగనివ్వండి. రెండు గ్రాముల సోడా యాష్ వేరే గ్లాసు నీళ్ళలో కరిగించి, కొంచెం కొంచెంగా పటిక నీళ్ళలో పోయండి. బుసబుసమని పొంగుతుంది. భయపడక్కర్లేదు, అది సోడా బుడ్డిలో ఉండే గ్యాసే, కానీ గిన్నెలో పైన ఖాళీ ఉంచుకోండి. పొంగు తగ్గాక లడి వేసి రెండు గంటలు, వీలైతే రాత్రంతా ఉంచి, తీసి ఒక్కసారి జాడించండి. ఇప్పుడు నూలు రంగుకి తయారు. వెంటనే వేయొచ్చు, లేదా ఆరబెట్టి దాచుకుని నెల తర్వాత వేసుకోవచ్చు. నేనైతే నాలుగైదు లడులు ఒకేసారి ఇంతవరకు చేసి పెట్టుకోమంటాను, విసుగు పనంతా ఒక్క ఆదివారంలో అయిపోతుంది.

ఊలుకి, పట్టుకి కరక్కాయ అక్కర్లేదు. పది గ్రాముల పటిక చాలు, సోడా లేకుండా, సన్న సెగ మీద గంట.

వంటింట్లోంచి వచ్చే రంగులు

దానిమ్మ తొక్కలతో మొదలుపెట్టండి. జ్యూస్ బండి వాళ్ళని అడిగితే ఊరికే ఇస్తారు. ఎండబెట్టిన తొక్కలు నూలు బరువుకి సమానంగా తీసుకుని, రాత్రి నానబెట్టి, గంట ఉడికించి వడగట్టండి. ఆ కషాయం గోరువెచ్చగా ఉన్నప్పుడు తడి లడి వేసి, సన్న సెగ మీద మెల్లగా వేడి చేస్తూ గంటసేపు తిప్పుతూ ఉండండి. గిన్నెలోనే చల్లారనివ్వండి. ముదురు పసుపు వస్తుంది, బాగా నిలుస్తుంది కూడా, ఎందుకంటే దానిమ్మ తొక్కలో టానిన్ దండిగా ఉంది.

ఉల్లిపొట్టు కూడా ఇదే లెక్క. బంగారు రంగు నుంచి ఇటుక రంగు దాకా వస్తుంది. ఉల్లి మండీలో గోనెల కింద రాలిన పొట్టు సంచీడు తెచ్చుకోవచ్చు. బంతిపూలతో మంచి పసుపు వస్తుంది. దసరా అయిన మర్నాడు మార్కెట్‌లో మిగిలిన బంతి చవగ్గా ఇచ్చేస్తారు, రేకలు తుంచి నీడలో ఆరబెట్టుకుంటే ఏడాదంతా ఉంటాయి. పూజలో పెట్టిన పూలు ఉడికించడం కొన్ని ఇళ్ళలో ఇష్టపడరు. ఆ విషయం ఇంట్లో పెద్దవాళ్ళని అడిగాకే గిన్నె పొయ్యి మీద పెట్టండి.

వంటలో వేసే పసుపు గురించి ఒక హెచ్చరిక. వేసిన రోజు కళ్ళు చెదిరేలా ఉంటుంది, నాలుగు రోజులు ఎండ తగిలితే వెలిసిపోతుంది. పసుపులో సున్నం వేసి ఎర్రనీళ్ళు కలిపి దిష్టి తీసే ఇళ్ళలో దీని గుణం చెప్పక్కర్లేదు. పసుపు వేసిన లడిని బట్టల సబ్బుతో ఉతికితే అదే ఎర్రనీళ్ళ పని జరుగుతుంది, మచ్చలు మచ్చలుగా ఎర్రబడుతుంది. గుమ్మానికి తోరణం అల్లుకోవడానికి పసుపు వాడకండి. పిల్లలకి సరదాగా చేసి చూపించడానికైతే సరే.

ఎరుపు కోసం మంజిష్ఠ. వంద గ్రాముల నూలుకి యాభై గ్రాముల వేరు పొడి, ఇంకా చిక్కగా కావాలంటే వంద. పొడిని ముందు రోజే నానబెట్టండి. దీనికి సెగ విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. అరవై, డెబ్బై డిగ్రీలు దాటకూడదు, అంటే గిన్నె అడుగున చిన్న బుడగలు కనబడేసరికి మంట తగ్గించేయాలి. మరిగితే ఎరుపులోకి గోధుమ రంగు దిగుతుంది. గంటన్నర అలా ఉంచి, రాత్రంతా గిన్నెలోనే వదిలేయండి. విచిత్రం ఏమిటంటే, మిగతా రంగులకి అడ్డొచ్చే సున్నపు నీళ్ళు మంజిష్ఠకి మేలు చేస్తాయి, ఎరుపు ఇంకా తేలుతుంది. కాబట్టి బోరు నీళ్ళలో ఇనుము లేకుండా సున్నం మాత్రమే ఉంటే, దీనికి క్యాన్ నీళ్ళు దండగ.

దానిమ్మ వేసిన లడిని అన్నభేది నీళ్ళలో ముంచితే కళ్ళ ముందే రంగు మారుతుంది. వంద గ్రాములకి ఒకటి రెండు గ్రాముల అన్నభేది గోరువెచ్చని నీళ్ళలో కరిగించి, లడి ముంచి, తిప్పుతూ ఉండండి. పసుపు రంగు మొదట ఆలివ్ ఆకుపచ్చకి, తర్వాత బూడిదకి, ఇంకా ఉంచితే బొగ్గు రంగుకి పోతుంది. కావాల్సిన చోట తీసేయాలి. అయిదు, పది నిమిషాల పని. ఎక్కువసేపు ఉంచినా, ఎక్కువ వేసినా పోగు పెళుసుబారుతుంది, ఊలు పట్టులకి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. అన్నభేది తాకిన గ్లవ్స్‌తో వేరే లడిని ముట్టుకోకండి, వేలిముద్ర నల్లగా పడిపోతుంది. పిల్లలకి అందకుండా దాచండి.

నీలి రంగు ఇందులో కలిపి చెప్పే విషయం కాదు. నీలిమందు నీళ్ళలో కరగదు, సున్నం, బెల్లం వేసి తొట్టిలో పులిసినట్టు చేసి, లడి బయటికి తీశాక గాలి తగిలి నీలం తేలాలి. దాని పద్ధతి పూర్తిగా వేరు.

నూలుకి గాఢమైన రంగులు: కోల్డ్ రియాక్టివ్

రాణీ పింకు, నెమలి నీలం, చిలకపచ్చ కావాలంటే మొక్కల రంగులతో కుదరదు. కోల్డ్ బ్రాండ్ రియాక్టివ్ రంగులని అడగండి. వీటికి పొయ్యి అక్కర్లేదు, ముప్పై నలభై డిగ్రీల నీళ్ళు చాలు. ఎండాకాలంలో మన మిద్దె ట్యాంకు నీళ్ళు అంతకంటే వేడిగానే ఉంటాయి. డిసెంబరులో మాత్రం కొంచెం వేడినీళ్ళు కలపండి. కరక్కాయ, పటిక వీటికి వద్దు, ఉడికించి కడిగిన నూలు చాలు.

మామూలు రంగుకి వంద గ్రాముల నూలుకి రెండు గ్రాముల పొడి, ముదురుకి నాలుగు, నలుపుకి ఏడెనిమిది దాకా. పొడి తూచేటప్పుడు ఫ్యాన్ ఆపి, మాస్క్ పెట్టుకోండి. ఈ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే అలర్జీ రావచ్చు.

పొడిని చెంచాడు నీళ్ళతో ముద్దలా కలిపి, తర్వాత రెండు లీటర్ల మంచి నీళ్ళలో కలపండి. నూరు గ్రాముల కల్లుప్పు వేసి కరిగించండి. తడి లడి వేసి అరగంట తిప్పుతూ ఉండండి. ఈ దశలో ఉప్పు చేసే పని రంగుని నీళ్ళలోంచి నూలు వైపు తోయడం మాత్రమే. రంగు ఇంకా అతుక్కోలేదు. ఇప్పుడు లడిని పక్కకి తీసి, ఇరవై గ్రాముల సోడా యాష్‌ని వేడినీళ్ళలో కరిగించి బకెట్‌లో పోసి, కలిపి, లడిని మళ్ళీ వేయండి. సోడాని నేరుగా లడి మీద పోస్తే పడిన చోటే ముదురు మచ్చ. గంటసేపు మధ్య మధ్య తిప్పుతూ ఉంచండి.

సోడా పడ్డాక రంగు నూలుతోనే కాదు, నీళ్ళతో కూడా కలిసిపోతూ ఉంటుంది. ఒకటి రెండు గంటల్లో మిగిలిన రంగుకి శక్తి పోతుంది. అందుకే ఆ నీళ్ళు దాచుకుని రేపు ఇంకో లడి వేద్దామంటే కుదరదు. అలా శక్తి పోయిన రంగు లడి మీద ఊరికే అంటుకుని ఉంటుంది. దాన్ని కడిగి వదిలించాలి: మొదట చల్లటి నీళ్ళలో, తర్వాత దాదాపు మరిగే నీళ్ళలో కాస్త లిక్విడ్ సోపు వేసి పదిహేను నిమిషాలు, మళ్ళీ చల్లటి నీళ్ళలో. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి. ఎరుపుకి ఓపిక ఎక్కువ కావాలి.

రంగు కారకుండా ఆఖర్న ఉప్పు నీళ్ళలోనో, వెనిగర్‌లోనో ముంచాలన్న మాట వింటూ ఉంటాం. ఈ నూలుకి దాని వల్ల ఒరిగేదేం లేదు. కారుతోందంటే కడగడం చాలలేదు, అంతే.

ఉప్పు, సోడా ఉన్న ఈ నీళ్ళు పూలకుండీల్లో పోయకండి, మొక్క చచ్చిపోతుంది. బాత్రూమ్ మోరీలో ఎక్కువ నీళ్ళతో కలిపి పోయండి. నగరి, పుత్తూరు వైపు అద్దకం నీళ్ళ గొడవ మనందరికీ తెలిసిందే. మనం వాడేది బకెట్టే కావచ్చు, అయినా కావలసిన దానికంటే ఎక్కువ పొడి వేసి మోరీ పాలు చేయడం ఎందుకు.

ఒకే లడిలో రెండు మూడు రంగులు

లీటరు నీళ్ళలో యాభై గ్రాముల సోడా యాష్ కలిపి, లడిని ఇరవై నిమిషాలు నానబెట్టి, కారకుండా గట్టిగా పిండండి. కిరాణా కవర్లు పరిచి దాని మీద గుండ్రంగా పెట్టండి. రియాక్టివ్ రంగులు నూరు మిల్లీలీటర్ల నీళ్ళకి రెండు గ్రాముల చొప్పున వేరువేరుగా కలిపి, సూది లేని సిరంజితోనో, పాత సాస్ సీసాతోనో పోయండి. గ్లవ్స్ వేసుకున్న వేళ్ళతో నొక్కితే అడుగు పోగులకి దిగుతుంది. లడి తిప్పి కింది వైపు చూడండి, తెల్లగా ఉంటే అక్కడా పోయండి. కవర్ చుట్టేసి, తడి ఆరకుండా, పన్నెండు గంటల నుంచి ఒక రోజు దాకా వదిలేసి, పైన చెప్పినట్టే కడగండి.

రంగుల ఎంపికలో ఒక్కటే చెప్తాను. పక్కపక్కన పెట్టిన రంగులు కలిసే చోట ఏం పుడుతుందో ముందే ఆలోచించుకోండి. పసుపు, నీలం మధ్యలో ఆకుపచ్చ బాగుంటుంది. ఎరుపు, ఆకుపచ్చ కలిసిన చోట బురద రంగు వస్తుంది, దాన్ని ఎవరూ ఇష్టపడరు.

ఊలుకి, పట్టుకి స్వీట్ల రంగు

కేసరిలో, జిలేబీలో వేసే రంగు పొడులు నిజానికి ఆసిడ్ రంగులే. అవి నూలుకి పట్టవు, అసలు ఊలుకి, పట్టుకి బ్రహ్మాండంగా పడతాయి. మదనపల్లె, ధర్మవరం పట్టు మగ్గాల దగ్గర మిగిలే పోగులు ఎవరైనా తెచ్చిపెడితే వదులుకోకండి.

వంద గ్రాముల ఊలు అరగంట నానబెట్టండి. మూడు లీటర్ల గోరువెచ్చని నీళ్ళలో పావు కప్పు వెనిగర్, రెండు గ్రాముల రంగు. ఈ పొడుల్లో ఉప్పు కలిపి అమ్ముతారు కాబట్టి చిన్న ముక్క మీద ముందు చూసుకుని పెంచుకోండి. లడి వేసి మెల్లగా వేడి పెంచండి, ఆవిరి వస్తూ నీళ్ళు కదిలీ కదలనట్టు ఉండాలి, మరగకూడదు. అరగంటలో నీళ్ళు తేటబడి, రంగంతా ఊల్లోకి వెళ్ళిపోతుంది. ఇది చూడముచ్చటగా ఉంటుంది, పిల్లలు ఉంటే పిలిచి చూపించండి. గిన్నెలోనే పూర్తిగా చల్లారనివ్వండి. వేడిలోంచి తీసి కొళాయి కింద పెడితే ఊలు ముడుచుకుపోయి గడ్డ కడుతుంది, తర్వాత ఎవరూ విడదీయలేరు. గరిటెతో గబగబా తిప్పినా అంతే. పట్టుకి వేడి ఇంకొంచెం తక్కువ పెట్టండి, లేకపోతే మెరుపు పోతుంది.

ఆరబెట్టడం, చూసుకోవడం, అల్లడం

నీడలో, గాలి ఆడే చోట, ప్లాస్టిక్ దండెం మీద వేయండి. ఇనుప తీగ మీద వద్దు, తుప్పు మరక పడితే పోగొట్టడం కష్టం. గంటకోసారి లడిని కొంచెం తిప్పండి, లేకపోతే రంగు కిందికి దిగి ఆ కొస ముదురవుతుంది.

ఆరాక రెండు పరీక్షలు. తడి తెల్ల చేతి రుమాలులో లడి కొస పెట్టి గట్టిగా నొక్కి రుద్దండి, రుమాలుకి అంటితే మళ్ళీ కడగాలి. రెండోది ఎండ కోసం: పది పన్నెండు పోగులు అట్టముక్కకి చుట్టి, సగం మీద నల్ల కాగితం కప్పి, మిద్దె మీద వారం పెట్టండి. కాగితం తీసినప్పుడు రెండు సగాల మధ్య తేడా ఎంతో చూస్తే, ఆ నూలు గుమ్మానికి వేలాడే తోరణానికి పనికొస్తుందో, బీరువాలో దాచుకునే శాలువాకే పనికొస్తుందో తేలిపోతుంది.

ప్రతి లడికీ చీటీ కట్టండి: ఏ నూలు, ఎన్ని గ్రాములు, ఏ రంగు ఎంత, ఏ నీళ్ళు, ఎంతసేపు. బాల్‌పెన్నుతోనే రాయండి, స్కెచ్ పెన్ అయితే తడి తగలగానే అదీ రంగు వేసేస్తుంది.

ఇంత చేసినా ఒకే గిన్నెలో వేసిన రెండు లడులు కూడా అచ్చం ఒకేలా ఉండవు. పెద్ద పనికి రెండు మూడు లడులు కావాలంటే, ఒకటి అయిపోయాక ఇంకోటి మొదలుపెట్టకండి. రెండు ఉండలూ పక్కన పెట్టుకుని, రెండు వరసలు దీనితో, రెండు వరసలు దానితో అల్లుకుంటూ పోండి. తేడా ఎక్కడుందో మిమ్మల్నే చూపించమన్నా చూపించలేరు.